చల్లదనం మొదలైంది: రిటైరయ్యాక ఈ కాలాన్ని ఇంటిపట్టున ఎలా గడుపుతున్నారు?

పెరటి కుర్చీ

అందరికీ నమస్కారం. తెల్లవారుజామున కాళ్ల దగ్గర దుప్పటి తడుముకునే రోజులొచ్చాయి. పగలు ఎండ ఉంటోంది గానీ అందులో పోటు లేదు. పొద్దున్నే పెరట్లో కుర్చీ వేసుకుని కూర్చుంటే లేవబుద్ధి కావడం లేదు.

నేను పద్దుల సెక్షన్లో పనిచేసి ఈమధ్యే రిటైరయ్యాను. ఉద్యోగం ఉన్నన్నాళ్లూ ఈ కాలం నా కంటపడింది తక్కువ. లోపల ఏసీ, కిటికీలకు తెరలు, ఇంటికొచ్చేసరికి చీకటి. ఇప్పుడు ప్రహరీ గోడ మీద ఎండ ఏ ఇటుక దాకా దిగిందో కూడా చూస్తున్నాను. ఇంత సుఖం ఇంట్లోనే ఉందా అనిపిస్తోంది.

ఒక్కటే సంగతి. మధ్యాహ్నం మూడు దాటాక మనసు బరువెక్కుతోంది. పొద్దు గబగబా కుంగిపోతోంది, లైటు వేసేసరికి ఇక ఈ రోజుకింతే అన్న దిగులు. మీలో చాలామంది నాకంటే ముందు రిటైరైనవాళ్లు. ఈ నాలుగు నెలలూ ఎలా గడుపుతారు? ఇల్లేమైనా మార్చుకుంటారా? ఏ పనీ పెట్టుకోకుండా ఊరికే కూర్చోవడం కూడా మంచిదేనా? వివరంగా రాయండి, తీరిగ్గా చదువుతాను.

నైట్ డ్యూటీ

స్వాగతం అన్నగారూ. నేను రైలింజన్ నడిపినవాణ్ణి. రాత్రి పడుకోవడం అనేది నా సర్వీసులో సెలవు రోజుల భోగం. అందుకే మీ ప్రశ్నకు నా జవాబు చిన్నది: పడుకోండి. చల్లబడ్డ గదిలో, చీకట్లో, అలారం లేకుండా.

ఈ కాలంలో నిద్ర బాగా పట్టడానికి కారణం ఉంది. నిద్రలోకి జారేటప్పుడు మన ఒంట్లోపలి వేడి మెల్లగా తగ్గుతుంది, తెల్లవారుజాముకు దాదాపు ఒక డిగ్రీ సెల్సియస్ దిగుతుంది. ఆ వేడి బయటికి పోయేది ముఖ్యంగా చేతులు, పాదాల గుండా. గది చల్లగా, పాదాలు వెచ్చగా ఉంటే ఆ పని సులువవుతుంది. నేను కిటికీ బెత్తెడు తీసి ఉంచి, మేజోళ్లు వేసుకుని పడుకుంటాను. ఎండాకాలమంతా దొర్లిన మనిషిని ఇప్పుడు పక్క మీద వాలితే చాలు.

ఇక టైంటేబుల్ అంటారా, జన్మకు సరిపడా చూశాను. రిటైరయ్యాక గడియారానికి జవాబు చెప్పక్కర్లేకపోవడమే నాకు అసలైన పెన్షన్.

సుద్దముక్క

పెరటి కుర్చీ గారూ, మీ దిగులుకు లెక్క ఉంది. ఫిజిక్స్ చెప్పినవాణ్ణి, కాస్త ఓపిక పట్టండి.

సెప్టెంబరు 22, 23 ప్రాంతంలో పగలూ రాత్రీ దాదాపు సమానంగా ఉంటాయి. పగలు రోజురోజుకీ అతి వేగంగా తరిగిపోయేది సరిగ్గా ఆ రోజుల్లోనే. డిసెంబరు దగ్గరపడే కొద్దీ ఆ తరుగుదల నెమ్మదిస్తుంది, 21 ప్రాంతానికి ఆగిపోతుంది. భూమధ్యరేఖ దగ్గర ఈ తేడా తెలియనే తెలియదు. 60 డిగ్రీల అక్షాంశం దగ్గరైతే రోజుకు అయిదు నిమిషాలు దాటుతుంది. అంటే "చీకటి పరుగెత్తుకొస్తోంది" అని మీకు ఇప్పుడు అనిపిస్తున్నది నిజమే. కానీ ఈ పరుగు ఇలాగే సాగదు. అన్నిటికంటే గట్టి దెబ్బ మొదట్లోనే తింటున్నారు.

ఇంకో మంచి మాట. సూర్యుడు అన్ని రోజులకంటే తొందరగా అస్తమించే సాయంత్రం డిసెంబరు 21 కాదు. అది అంతకు ముందే వచ్చి వెళ్లిపోతుంది. మధ్య అక్షాంశాల్లో డిసెంబరు మొదటి రోజుల్లో, భూమధ్యరేఖకు దగ్గరవుతున్నకొద్దీ నవంబరులోనే. భూమి అక్షం వంగి ఉండడం, దాని కక్ష్య పూర్తి వృత్తం కాకపోవడం, ఈ రెంటి వల్లా గడియారం చెప్పే మధ్యాహ్నానికీ సూర్యుడి మధ్యాహ్నానికీ తేడా జరుగుతూ ఉంటుంది. ఫలితం ఏమిటంటే, పగలు ఇంకా కుదించుకుపోతుండగానే సాయంత్రాలు సాగడం మొదలుపెడతాయి. కోత అంతా పొద్దుటి వైపు పడుతుంది. మీ దిగులు సాయంత్రాలదే కాబట్టి మీ శీతాకాలం క్యాలెండర్ చెప్పినదానికంటే పొట్టిది.

పెరటి కుర్చీ

మాస్టారూ, ఇన్నేళ్లలో ఈ సంగతి నాకెవరూ చెప్పలేదు. రోజూ సూర్యాస్తమయం టైము ఒక నోట్‌బుక్‌లో రాసుకుంటాను ఇక. పద్దులు రాసిన చెయ్యి, ఊరికే ఉండదు.

ఊలుబంతి

నైట్ డ్యూటీ తమ్ముడూ, నీ మాట నీకు నిజం. నీ పక్కన మాట్లాడే మనిషి ఉంది. ఆయన పోయాక ఒక్కదాన్నే ఉంటున్నాను నేను. గడియారం తీసి అవతల పెడితే నాకు దొరికేది స్వేచ్ఛ కాదు, మంచం. ఎప్పుడు లేచినా ఒకటే, ఎప్పుడు తిన్నా ఒకటే అయిపోతే మూడోరోజుకు తల దువ్వుకోవాలనిపించదు. ఒంటరి మనిషి రోజుకు ఒక దండెం కావాలి, గంటలన్నీ నేల మీద కుప్పపడకుండా.

పెరటి కుర్చీ గారూ, సాయంత్రం మూడు గంటల దిగులు నాకు బాగా తెలుసు. నేను దాన్ని పోగొట్టే ప్రయత్నం మానేసి, దానికి ఎదురు వెళ్తున్నాను. చీకటి పడ్డాక లైటు వేస్తే చీకటి గెలిచినట్టుంటుంది. అందుకని వెలుగు ఇంకా ఉండగానే కూర్చునే చోట దీపం వేసేస్తాను. పైన ట్యూబులైటు కాదు, పక్కన బల్ల మీద పసుపు కాంతి లైటు. బయట ఎప్పుడు చీకటి పడిందో తెలియకుండానే పడిపోతుంది.

ముదురు రంగు ఊలు పగలే అల్లాలి, రాత్రి లైటులో నలుపూ నేవీ బ్లూ ఒకటే అయి కుట్లు కనపడవు. లేత రంగులు రాత్రికి. కాబట్టి మధ్యాహ్నం భోజనమయ్యాక కిటికీ పక్కన కూర్చుని ముదురు ఊలు పట్టుకుంటాను, వెలుతురు ఎంతసేపుంటే అంతసేపు. వెలుతురు తగ్గి కుట్టు కనపడని నిమిషాన అది దించి, తెల్లదో గోధుమదో తీస్తాను. రోజు ముగిసిపోయిందని కాక పని మారిందని అనిపిస్తుంది. మీకు అల్లిక రాకపోవచ్చు. కానీ పగటి వెలుతురే కావలసిన పని ఒకటి, దీపం కింద బాగుండే పని ఒకటి వేరువేరుగా పెట్టుకోండి.

సరిగ్గా పొద్దుగుంకే వేళకు నా స్నేహితురాలు ఫోన్ చేస్తుంది. తనూ ఒంటరే. అవసరం ఉన్నా లేకున్నా చేస్తుంది. ఆ ఫోన్ మోగుతుందని తెలిస్తే మధ్యాహ్నం నుంచే ఒంట్లో ఉత్సాహం.

నైట్ డ్యూటీ

అక్కా, ఒప్పుకున్నాను. నువ్వన్నట్టు పొద్దున్నే టీ పెట్టి పిలిచే మనిషి ఉంది కాబట్టే నాకు అలారం అక్కర్లేదు. అది నేను లెక్కలోకి తీసుకోవాల్సిన మాట.

వార్డు సిస్టర్

చాలా ఏళ్లు పెద్దవాళ్ల వార్డులో పనిచేశాను. చల్లని రోజులు హాయిగా ఉండాలంటే ఒంటి సంగతి కొంచెం తెలిసి ఉండాలి, అందుకే రాస్తున్నాను.

ముందు వెలుతురు. వయసు పెరిగే కొద్దీ కంటి కటకం పసుపు బారుతుంది, నీలి కాంతిని లోపలికి తక్కువగా పోనిస్తుంది. మన ఒంట్లోని గడియారం దిద్దుకునేది ముఖ్యంగా ఆ నీలి కాంతితోనే. కాబట్టి మనవళ్లకు సరిపోయే వెలుతురు మనకు సరిపోదు. వెలుతురును లక్సుల్లో కొలుస్తారు, ఇంట్లో లైట్ల కింద కొన్ని వందల లక్సులే ఉంటాయి, మబ్బు పట్టిన రోజు కూడా ఆరుబయట వేలల్లో ఉంటుంది. పెరటి కుర్చీ గారూ, మీరు పొద్దున్నే పెరట్లో కూర్చుంటున్నారు కదా, రాత్రి నిద్రకూ సాయంత్రం మనసుకూ అదే మీరు చేస్తున్న అతి మంచి పని. చలి పెరిగిందని అది మానకండి. శాలువా కప్పుకుని కూర్చోండి.

చలికి రక్తనాళాలు ముడుచుకుంటాయి, బీపీ కాస్త పెరుగుతుంది. అందుకే నిద్ర లేచిన వెంటనే చలిలోకి వేగంగా నడకకు వెళ్లవద్దంటాం. ఇంట్లోనే నాలుగడుగులు అటూ ఇటూ తిరిగి, చేతులూ భుజాలూ ఆడించి, ఎండ పొడ వచ్చాక బయల్దేరితే మేలు. బీపీ చూసుకునేవాళ్లు ఈ కాలంలో రీడింగులు రాసిపెట్టుకుని డాక్టరుకు చూపించండి, మందు మోతాదు మాత్రం సొంతంగా మార్చకండి.

దాహం సంగతి చాలామందికి తెలియదు. వయసుతో దాహం వేయడమే తగ్గుతుంది, చల్లని రోజుల్లో మరీ తగ్గుతుంది. ఒంటికి నీళ్లు మాత్రం కావాలి. దాహం కోసం ఎదురుచూడకుండా గోరువెచ్చని నీళ్లు పక్కన పెట్టుకోండి.

గది మరీ చల్లబడనివ్వకండి. నైట్ డ్యూటీ గారి కిటికీ బాగానే ఉంది, కానీ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో ఇచ్చిన గృహ మార్గదర్శకాల్లో చలికాలంలో ఇల్లు కనీసం 18 డిగ్రీలు ఉండాలంది, పెద్దవాళ్లకు అంతకంటే కొంచెం ఎక్కువే అవసరం కావచ్చు. ఒక చిన్న గది థర్మామీటరు గోడకు తగిలించుకుంటే ఊహలతో పని ఉండదు, ఎందుకంటే వయసు పెరిగాక చలి ఒంటికి తెలియడం కూడా ఆలస్యమవుతుంది. వెచ్చదనం కోసం మూసిన గదిలో బొగ్గులు మాత్రం ఎన్నడూ రాజేయకండి. కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది. ఈ ఒక్క మాట మీ బంధువుల్లో పెద్దవాళ్లందరికీ చెప్పండి.

ఫ్లూ టీకా వేయించుకునేవాళ్లు జలుబులు మొదలయ్యాక కాక ముందే వేయించుకోవాలి. రక్షణ రావడానికి సుమారు రెండు వారాలు పడుతుంది.

తోడు

నేను రిటైరైన మనిషిని కాదు, రిటైరైన మనిషికి భార్యను. నా వైపు నుంచి ఒక మాట.

ఆయన ఇంట్లో ఉండడం మొదలయ్యాక మొదటి కష్టం చోటు. ముప్పై ఏళ్లకు పైగా పగటిపూట ఆ ఇల్లు నాది. ఏ గిన్నె ఎక్కడుండాలో, ఏ వేళకు ఏ తలుపు మూయాలో నాకొక పద్ధతి ఉంది. ఆయన ప్రేమగానే సాయం చేయడానికి వస్తారు, నా వెనకే గది గదికీ వస్తారు. నాకు ఊపిరాడేది కాదు. ఆయనకేమో తన ఇంట్లో తానే చుట్టమైపోయినట్టుండేది.

దీన్ని పరిష్కరించింది ఎండ. నవ్వకండి, నిజంగానే. ఈ నెలల్లో ఎండ ఏటవాలుగా వచ్చి ముందు గదిలో చాలా లోపలిదాకా పడుతుంది. ఎండాకాలంలో గుమ్మం దాటని వెలుగు ఇప్పుడు అవతలి గోడను తాకుతోంది. అక్కడ ఎప్పుడూ ఏదీ పెట్టలేదు మేము. ఆయన పాత బల్ల ఒకటి అటకమీంచి దింపించి ఆ ఎండ పడే చోట వేశాను. అది ఆయన చోటు. చదువుకుంటారు, పాత గడియారాలు విప్పి బిగిస్తారు, ఆ బల్ల మీది వస్తువు నేను ముట్టను. మధ్యాహ్నం భోజనం వరకు ఆయన అక్కడ, నేను నా పనిలో. భోజనం దగ్గర ఒకరికొకరం చెప్పుకోవడానికి మాటలుంటున్నాయి. పొద్దుటినుంచీ ఎదురెదురుగా కూర్చుంటే ఏం చెప్పుకుంటాం?

ఇల్లు మార్చుకుంటారా అని అడిగారు కదా. మార్చుకోండి. మీ ఇంట్లో ఎండ ఇప్పుడు ఎక్కడ పడుతోందో రోజంతా గమనించి, కుర్చీ దాని వెంబడి జరపండి. అలాగే మీ ఇంటావిడను ఒకమాట అడగండి, ఆమెకు ఏ గది, ఏ వేళ ఒంటరిగా కావాలో.

సుద్దముక్క

తోడు గారు చూసినదానికి కొలత కూడా ఉంది. సెప్టెంబరులో పగలూ రాత్రీ సమానమయ్యే రోజుకీ డిసెంబరులో పగలు అతి పొట్టిగా ఉండే రోజుకీ మధ్య ఉత్తరార్ధగోళంలో మధ్యాహ్నపు సూర్యుడి ఎత్తు దాదాపు 23.4 డిగ్రీలు పడిపోతుంది. దక్షిణం వైపు కిటికీ ఉన్న ఇళ్లలో వెలుగు వారం వారం లోపలికి నడుస్తుంది. నేల మీద సుద్దతో గీత గీసి చూడండి, పిల్లలకైనా పెద్దలకైనా అంతకంటే మంచి పాఠం ఉండదు.

ఆకుపసరు

తోటపని గురించి ఎవరూ రాయలేదేం? రిటైరయ్యాక మొక్కల మధ్య ఉండడానికి ఇంతకంటే మంచి నెలలు లేవు. వంగి లేచినా చెమట పట్టదు, మట్టిలో తేమ నిలుస్తుంది, నీళ్లు పోసే పని సగమవుతుంది. వెల్లుల్లి లాంటి దుంపలు, చలి తగిలితేనే పూసే వసంతపు పూల దుంపలు ఇప్పుడే భూమిలో పడాలి. కొమ్మలు గట్టిగా నరకడం మాత్రం చాలా మొక్కలకు ఇప్పుడు వద్దు. లేత చివుళ్లు వేసి చలికి మాడతాయి.

నేను చెప్పాలనుకున్న అసలు సంగతి రాలిన ఆకులు. చెట్టు ఆకును ఊరికే పారేయదు. పగలు తగ్గే కొద్దీ పత్రహరితాన్ని విరగ్గొట్టి, ఆకులోని నత్రజనిని, భాస్వరాన్ని కొమ్మల్లోకి, వేళ్లలోకి వెనక్కి తీసుకుంటుంది. ఆకుపచ్చ పోగానే అప్పటిదాకా దాని చాటున ఉన్న పసుపు, నారింజ రంగులు బయటపడతాయి. ఆ కెరోటినాయిడ్లు చిగురేసిన దగ్గర్నుంచీ ఆకులో ఉన్నవే. ఎరుపు సంగతి వేరు. చాలా చెట్లు దాన్ని ఆఖరి రోజుల్లో కొత్తగా తయారుచేసుకుంటాయి. పగలు మంచి ఎండ, రాత్రి గడ్డకట్టనంత చల్లదనం, ఈ రెండూ కలిసిన సంవత్సరం ఎరుపు బాగా పండుతుంది. ఆ తరవాత తొడిమ మొదట్లో ఒక పొర కట్టి, గాయం మాన్చుకుని మరీ ఆకును వదులుతుంది చెట్టు. వృక్షశాస్త్రం జీవితమంతా చెప్పాను, ఇప్పటికీ దీని ముందు చేతులు కట్టుకు నిలబడతాను.

కాబట్టి ఆకులు తగలబెట్టకండి. పొగ ఊపిరితిత్తులకు చేటు, చలిగాలిలో అది పైకి పోకుండా నేల దగ్గరే పేరుకుంటుంది. ఒక మూల గంపెడు చోటు ఇచ్చి తడిపి పోగేయండి. ఏడాదికో రెండేళ్లకో నల్లగా, పొడిపొడిగా, అడవి వాసనతో ఆకుమన్ను తయారవుతుంది. ఎన్నో పురుగులు, సీతాకోకచిలుకల ప్యూపాలు చలికాలమంతా ఆ ఆకుల కిందే తలదాచుకుంటాయి. మొత్తం ఊడ్చేస్తే వచ్చే వసంతాన తోటలో వాటి జాడ ఉండదు.

నైట్ డ్యూటీ

ఏడాదో రెండేళ్లో పట్టే పని మొదలుపెట్టడం ఈ వయసులో బాగుంటుందంటారా, ఆకుపసరు గారూ?

ఆకుపసరు

బాగుంటుంది. ఉద్యోగంలో ఉండగా ఏ పనైనా వారానికో నెలకో తేల్చేయాల్సి వచ్చేది. రెండేళ్లు ఆగగలిగే పని చేసే తీరిక ఇప్పుడే వచ్చింది మనకు.

దక్షిణం గాలి

భూమికి అవతలి వైపు నుంచి నమస్కారం. మీకు శరత్తు వచ్చినప్పుడు నాకిక్కడ వసంతం. నా చల్లని నెలలు మార్చిలో మొదలవుతాయి. అందుకే మీ మాటలన్నీ దాచిపెట్టుకుంటున్నాను, ఆరు నెలలకు నాకు పనికొస్తాయి.

మీకూ నాకూ మధ్య తిరిగే చుట్టాలు కొందరున్నారు. మా సముద్రపు ఒడ్డుకు ఈ రోజుల్లో గాడ్‌విట్ పిట్టలు వస్తాయి, పొడుగు ముక్కుతో బురదలో ఏరుకుతినేవి. మీ శరత్తులో అలాస్కా నుంచి బయల్దేరి మా వసంతంలో దిగుతాయి. 2022 అక్టోబరులో జాడ చెప్పే చిన్న ట్రాన్స్‌మిటర్ ఒంటికి కట్టిన ఒక పిట్ట, పుట్టి అయిదు నెలలే అయింది దానికి, అలాస్కా నుంచి ఆస్ట్రేలియాలోని టాస్మేనియా దాకా 13,560 కిలోమీటర్లు 11 రోజుల్లో ఎక్కడా వాలకుండా ఎగిరింది. దారిలో తిండి లేదు, నీళ్లు లేవు. అవి దిగిన పొద్దున ఒడ్డున నిలబడి చూస్తుంటే ఒళ్లు పులకరిస్తుంది. ఉద్యోగంలో ఉన్నప్పుడు అవి వచ్చిన సంగతి పేపర్లో చదివేవాణ్ణి.

మీ ఊళ్లపైన కూడా ఈ నెలల్లో ఏవో పక్షులు వెళ్తూనే ఉంటాయి. చాలా చిన్న పిట్టలు రాత్రిళ్లే ప్రయాణిస్తాయి. నైట్ డ్యూటీ గారి కిటికీ తెరిచే ఉంది కాబట్టి, నిద్ర పట్టని రాత్రి ఏదైనా ఉంటే చెవి పెట్టి వినమనండి.

నైట్ డ్యూటీ

వింటాను అన్నా. రాత్రుళ్లు నాకు కొత్త కాదు, ఇంజన్ రొద లేని రాత్రుళ్లే కొత్త. ఇప్పుడు నాకు బాగా వినపడేది కీచురాళ్లు. ఎండాకాలంలో గోల గోలగా అరిచినవి ఇప్పుడు నెమ్మదించాయి, గమనించారా? చలి పెరిగే కొద్దీ వాటి అరుపుల మధ్య ఎడం పెరుగుతుంది.

ఇంకొక మాట కూడా రాయాలని ఉంది. ఊరికే కూర్చోవడం తప్పా అని అన్నగారు అడిగారు. మా నాన్న ఒంట్లో శక్తి ఉన్నన్నాళ్లూ పనిచేసి, పని ఆగిన కొన్నాళ్లకే పోయాడు. ఆయనకు ఇలాంటి కాలం దొరకలేదు. పెన్షన్ అనేది నిజానికి ఎంత కొత్తదో చూడండి. ప్రభుత్వం దేశం మొత్తానికి మొదటగా వృద్ధాప్య పెన్షన్ చట్టం చేసింది జర్మనీలో, ఛాన్సలర్ బిస్మార్క్ హయాంలో, 1889లో. అప్పట్లో 70 ఏళ్లు నిండాలి. 1916లో 65కు తగ్గించారు. అంతకుముందు వేల సంవత్సరాలు మామూలు మనిషికి ముసలితనమంటే చేయలేకపోయేదాకా చేయడమే. మన తాతలకు లేని రోజులు మనకు దక్కాయి. అందుకే నేను కూర్చున్నా సిగ్గుపడను, ఎండలో కళ్లు మూసుకుని కూర్చున్నా సరే. ఆ కూర్చోవడం కోసం ఎంతోమంది కొట్లాడారు.

ఊలుబంతి

తమ్ముడూ, ఈ మాటకు నీతో నాకు పేచీ లేదు. మీ నాన్నగారి గురించి చదివి చేతిలో ఊలు పక్కన పెట్టాను.

సుద్దముక్క

కీచురాళ్ల నెమ్మదిని కొలవొచ్చు. 1897లో డాల్బేర్ అనే అమెరికన్ భౌతికశాస్త్రవేత్త వాటి అరుపుల వేగానికీ గాలి వేడికీ సూత్రం కట్టాడు. సుమారుగా చెప్పాలంటే, 8 సెకన్లలో ఎన్నిసార్లు అరిచిందో లెక్కపెట్టి దానికి 5 కలిపితే సెల్సియస్ డిగ్రీలు వస్తాయి. పురుగు ఒంటికి సొంత వేడి లేదు, చుట్టూ గాలి చల్లబడితే కండరాలు నడిపే రసాయన చర్యలూ మందగిస్తాయి. ఈ లెక్క బాగా కుదిరేది ఒక జాతి చెట్టు కీచురాయికి, మిగతా జాతులకు అంకెలు మారతాయి. మీ పెరట్లో ఉన్నదానికి మీరే సూత్రం కట్టుకోండి. సిస్టర్ గారు చెప్పిన థర్మామీటరు ఉంటుంది, పద్దుల నోట్‌బుక్ ఉంది, రాత్రుళ్లు పొడుగ్గా ఉన్నాయి. మనవలుంటే వాళ్లకు లెక్క అప్పజెప్పండి.

పెరటి కుర్చీ

ఇంత రాస్తారని అనుకోలేదు, అందరికీ చేతులెత్తి దండం. తోడు గారూ, మీ మాట విని మా ఆవిణ్ణి అడిగాను. "మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు దాకా రేడియో నాది, గది నాది" అంది, అడుగుతారని ఎదురుచూసినట్టు వెంటనే. అప్పటినుంచి ఆ రెండు గంటలూ నేను పెరట్లో ఆకులు పోగేస్తున్నాను. మూడింటి బరువు ఇంకా పూర్తిగా పోలేదు గానీ, చేతిలో పని ఉండగా పడే చీకటి వేరుగా ఉంది. దీపం మాత్రం ఊలుబంతి గారు చెప్పినట్టు ముందే వేసి ఉంచుతోంది ఆవిడ.

ఇప్పుడు ఇంకో ఆశ పుట్టింది. రాత్రి పెరట్లో నిలబడితే ఆకాశం కడిగినట్టుంది. ఏం చూడాలో తెలియదు. మాస్టారూ?

సుద్దముక్క

ఈ ప్రశ్న కోసమే ఆగాను.

అక్టోబరు, నవంబరు నెలల్లో రాత్రి భోజనాలయ్యాక తూర్పున పిల్లలకోడి లేస్తుంది, కృత్తికలు. మామూలు కంటికి ఆరో ఏడో చుక్కలు గుత్తిగా కనపడతాయి. ఉత్తరార్ధగోళంలో అదే వేళకు బాగా ఎత్తున ఆండ్రోమెడా గెలాక్సీ ఉంటుంది. చీకటి గట్టిగా ఉన్నచోట మసక మరకలా కనపడుతుంది, సుమారు 25 లక్షల కాంతి సంవత్సరాల దూరం. ఆ వెలుగు అక్కడ బయల్దేరినప్పుడు భూమి మీద మన జాతి ఇంకా పుట్టలేదు. ఉత్త కంటితో మనిషి తేలిగ్గా చూడగలిగే అతి దూరపు వస్తువు ఇంచుమించు అదే. అర్ధరాత్రికి గొల్లకావిడి చుక్కలు, ఓరియన్ నక్షత్రమండలంలో వరసగా ఉండే మూడు, తూర్పున నిలబడతాయి.

నాకు అన్నిటికంటే ఇష్టమైనది అక్టోబరు 21 ప్రాంతంలో వస్తుంది. ఓరియనిడ్ ఉల్కలు. అర్ధరాత్రి దాటాక, తెల్లవారేలోపు, చీకటి ఉన్నచోట గంటకు పదో ఇరవయ్యో కనపడతాయి. సెకనుకు 66 కిలోమీటర్ల వేగంతో మన గాలిలోకి దూసుకొచ్చి మండిపోతాయి. అవి హేలీ తోకచుక్క వదిలిన ధూళి. 1986లో హేలీ వచ్చినప్పుడు నేను కుర్ర మాస్టర్ని. తెల్లవారకముందే పిల్లల్ని బడి మేడ మీదికి ఎక్కించి చూపించాను. ఏటవాలుగా చిన్న పొగ మరకలా ఉంది, పిల్లలు మాత్రం మాట్లాడకుండా చూశారు. అది మళ్లీ వచ్చేది 2061లో. ఆ పిల్లల్లో కొందరు చూస్తారు, నేను చూడను. కానీ ఏటా అక్టోబరులో భూమి దాని దారి ధూళిలోంచి వెళ్తుంది, ఆ రాత్రి నేను మేడ మీద ఉంటాను. రిటైరయ్యాక ఒక్క ఏడాదీ వదల్లేదు. మర్నాడు పొద్దున్నే బడికి పోనక్కర్లేదు కదా.

వార్డు సిస్టర్

మాస్టారూ, మీతోపాటు మేడ ఎక్కేవాళ్లకు రెండు జాగ్రత్తలు. నిలబడి తల వెనక్కి వంచి చూడకండి, మెడకూ మంచిది కాదు, కళ్లు తిరిగి తూలే ప్రమాదమూ ఉంది. వాలు కుర్చీలో పడుకుని చూడండి, చెవులు కప్పే టోపీ, కాళ్లకు కంబళి. లేచేటప్పుడు ముందు కూర్చుని, కాసేపాగి, అప్పుడు నిలబడండి. చీకట్లో మెట్లు దిగడానికి చేతిలో టార్చి తప్పనిసరి.

ఊలుబంతి

చెవుల టోపీలు నేను అల్లుతాను. ఎవరికి ఏ రంగో చెప్పండి. ముదురు రంగు అడిగేవాళ్లు త్వరగా చెప్పాలి, పగళ్లు పొట్టిగా ఉన్నాయి.

దక్షిణం గాలి

ఓరియనిడ్లు మాకూ కనపడతాయి అక్కా. ముదురు నీలం నాకు.

పెరటి కుర్చీ

నాకు గోధుమ రంగు. మాస్టారూ, మా అబ్బాయి బైనాక్యులర్ కొంటానంటున్నాడు. 7×50 బాగుంటుందా, 10×50 బాగుంటుందా? రాత్రికి 7×50 మంచిదని ఎక్కడో చదివాడట.

సుద్దముక్క

అది కుర్రవాళ్ల లెక్క. మొదటి అంకె ఎన్ని రెట్లు పెద్దగా చూపిస్తుందో చెబుతుంది, రెండోది ముందు కటకం వెడల్పు, మిల్లీమీటర్లలో. రెండో అంకెను మొదటిదానితో భాగిస్తే కంటికి చేరే కాంతి వలయం వెడల్పు వస్తుంది. 7×50కి సుమారు 7 మిల్లీమీటర్లు, 10×50కి 5. చిన్న వయసులో చీకట్లో కంటిపాప 7 దాకా విచ్చుకుంటుంది. మన వయసులో చాలామందికి 5 ప్రాంతంలో ఆగిపోతుంది, మిగతా వెలుగు కంటి బయటే వృథా. 10×50 తీసుకోమనండి. బరువుకు చేతులు వణుకుతాయి కాబట్టి మోచేతులు ఆన్చే పట్టీలున్న వాలు కుర్చీ చూసుకోండి, ఉల్కలకు మాత్రం అది పక్కన పెట్టి ఉత్త కళ్లతోనే చూడాలి.